జపాన్ వంటసామాను: కొట్టు నుంచి మన గట్టు దాకా

మా వంటింటి కిటికీలో ఆకుపచ్చ ఇనప కెటిల్ ఒకటి ఉంది. ప్రస్తుతం అందులో మనీప్లాంట్ పెరుగుతోంది. జపాన్ నుంచి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన వస్తువది. వచ్చిన వారానికే స్టవ్ మీద పెట్టి నీళ్లు కాచాను. నాలుగైదు సార్లు కాచేసరికి లోపలి ఎనామిల్ పూత చిట్లి, నీళ్లలో పెచ్చులు తేలాయి. అది కెటిలే కాదని, ఆకు వేసి వేడినీళ్లు పోసుకునే టీపాట్ అని తర్వాత తెలిసింది. పొయ్యి మీద పెట్టకూడదని పెట్టె మీద రాసే ఉంది, జపనీస్‌లో. నేను అడగలేదు, కొట్టాయన చెప్పలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు అడగడం మొదలుపెట్టాను. జపాన్‌లో దుకాణాలవాళ్లు అడక్కుండా మీద పడి అమ్మరు, కానీ ఒక్క ప్రశ్న వేస్తే పావుగంట ఓపికగా చూపిస్తారు. ఏ వస్తువు దగ్గర ఏం అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే. అది వరసగా చెప్తాను.

1. టికెట్ బుక్ చేశాక వంటింట్లో ఓ పావుగంట

అక్కడికి వెళ్లాక ప్రతిదీ కావాలనిపిస్తుంది. అందుకే లిస్టు ఇక్కడే, మన గట్టు ముందు నిలబడి రాసుకోవాలి. స్టవ్ గ్యాసా, ఇండక్షనా? గ్యాసైతే మట్టికుండలూ ఇనప సామానూ నిశ్చింతగా కొనొచ్చు. ఇండక్షనైతే మట్టికుండలు చాలావరకు పనికిరావు. కూరలు తరిగేదెవరు, దేంతో? కత్తిపీటకు అలవాటుపడ్డ చెయ్యి కాయను కత్తి మీదికి తోస్తుంది, చాకులో కత్తే కదలాలి. అమ్మకో అత్తయ్యకో కత్తి తెద్దామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోండి. ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్లుంటే అదీ రాసుకోండి. తరిగేది నేరుగా గ్రానైట్ గట్టు మీదైతే కత్తి కన్నా ముందు చెక్క పలక కొనుక్కోవాలి. రాయి మీద రోజూ తగిలితే ఎంత మంచి కత్తయినా మొద్దుబారుతుంది.

గిన్నెలు కొనే ఉద్దేశం ఉంటే మీరు రోజూ వాడే గిన్నె వెడల్పు కొలిచి ఫోన్లో పెట్టుకోండి. జపాన్ వాళ్ల అన్నం గిన్నె అడ్డంగా 11, 12 సెంటీమీటర్లే ఉంటుంది. ముచ్చటగా ఉంటుంది గానీ మన పెరుగన్నం కలుపుకోవడానికి చెయ్యి పట్టదు. మనకు నప్పేది వాళ్లు దొన్‌బురి అనే పెద్ద గిన్నె.

ఒక్కటి మాత్రం లిస్టులోంచి ఇప్పుడే కొట్టేయండి: అక్కడి ఇళ్ల కోసం చేసిన ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. విదేశాల కోసం చేసిన మోడల్ అని పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే ముట్టుకోండి.

2. కొనే ముందు ఒక పూట చూడండి

టోక్యోలో దిగగానే షాపింగ్‌కి పరిగెత్తకుండా ఒక పూట కంటిని తయారు చేసుకోండి. అయొయమ-ఇచ్చోమె స్టేషన్ దగ్గర జపాన్ ట్రెడిషనల్ క్రాఫ్ట్స్ అయొయమ స్క్వేర్ అని ఒకటుంది. దేశం నలుమూలల చేతిపని వస్తువులు ఒకే చోట ఉంటాయి, కొనొచ్చు కూడా. ధరలు వీధి కొట్లకన్నా ఎక్కువనిపించవచ్చు. అసలు వస్తువు బరువెంత, నునుపెంత అనేది చేతికి తెలియడం కోసమే అక్కడికి వెళ్లమంటున్నాను.

అక్కడ వస్తువుల మీద ఒక గుర్తు కనిపిస్తుంది: బంగారు రంగు చీటీ మీద ఎర్రటి సున్నాతో కలిసిన ఒక అక్షరం. 1974లో వచ్చిన సంప్రదాయ చేతిపనుల చట్టం కింద ప్రభుత్వం గుర్తించిన వస్తువని దాని అర్థం. రోజువారీ వాడకానికి పనికొచ్చేదై ఉండాలి, ముఖ్యమైన పని చేత్తో జరగాలి, పద్ధతికి కనీసం 100 ఏళ్ల చరిత్ర ఉండాలి, ఆ ప్రాంతంలో ఇంకా కొందరు ఆ పని చేస్తూ ఉండాలి. ఇలాంటివి ఇప్పుడు 240కి పైగా ఉన్నాయి. మన భౌగోళిక గుర్తింపుకు దగ్గరి బంధువు అనుకోవచ్చు. గుర్తు లేనిదంతా నకిలీ కాదు. చాలామంది చిన్న కుమ్మరులు ఆ చీటీ జోలికే వెళ్లరు.

ఇంకో చోటు కొమాబాలోని జానపద కళల మ్యూజియం, నిహొన్ మింగెయ్‌కన్. పేరు లేని పనివాళ్లు రోజువారీ వాడకం కోసం చేసిన వస్తువుల్లోనే అసలు అందం ఉందని వాదించిన యనగి సొయెత్సు 1936లో తెరిచింది. గంటన్నర చాలు. అందులోని చిన్న కొట్టు వదలొద్దు.

3. ఏ ఊళ్లో ఏ వీధి, ఏ రోజు

టోక్యోలో వంటసామానుకు కప్పాబషి. ఉయెనో, అసాకుస మధ్య దాదాపు 800 మీటర్ల వీధి, ఆ పొడవునా సుమారు 170 కొట్లు. గింజా లైన్‌లో తవారామాచి స్టేషన్‌లో దిగి నడిస్తే మూల మేడ మీద తెల్లటోపీ పెట్టుకున్న వంటవాడి పెద్ద తలకాయ కనిపిస్తుంది. అదే గుర్తు. హోటళ్లవాళ్లకు సరుకు అమ్మే వీధి కాబట్టి పొద్దున్నే తెరిచి సాయంత్రం ఐదూ ఐదున్నరకే షట్టర్లు దింపేస్తారు. ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి. అసాకుస గుడి చూసుకుని నాలుగింటికి తీరిగ్గా వెళ్లే ప్లాన్ చేస్తారు చాలామంది. అది పనిచేయదు. ముందు కప్పాబషి, తర్వాత గుడి. జపనీస్‌లో పది-తొమ్మిది కలిపితే దోగు, అంటే సామాను అనే మాటలా పలుకుతుందని, అక్టోబరు 9ని సామాను రోజంటారు. ఏటా ఆ తేదీ చుట్టుపక్కల ఇక్కడ సంత జరుగుతుంది, తగ్గింపులు దొరుకుతాయి.

ఒసాకాలో నంబా దగ్గరి దోగుయసుజి ఇలాంటిదే, కాస్త చిన్నది. అక్కడి నుంచి రైల్లో కొద్ది దూరం వెళ్తే సకాయ్, కత్తుల ఊరు. క్యోతోలో నిషికి బజారులో 1560 నుంచి నడుస్తున్న అరిత్సుగు అనే కత్తుల కొట్టుంది. పాత సామాను ఇష్టమైతే క్యోతో ప్రయాణాన్ని 21వ తేదీకో 25వ తేదీకో కుదుర్చుకోండి. ప్రతి నెలా 21న తోజి గుడి ఆవరణలో, 25న కితానో తెన్‌మాంగు దగ్గర సంత జరుగుతుంది. పాత పింగాణీ, వాడిన కిమోనోలు, మూత పోయిన కెటిళ్లు, కెటిల్ పోయిన మూతలు, అన్నీ నేల మీద పరిచి ఉంటాయి.

పింగాణీ పిచ్చి ఉన్నవాళ్లకు క్యూషు దీవిలోని అరితా. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అక్కడి సంతలో ఊరి వీధంతా కొట్లే. అయితే జపాన్ జనమంతా సెలవుల్లో ఉండే వారం కూడా అదే. హోటల్ నెలల ముందే చూసుకోవాలి.

4. కత్తి: ఆకారం ముందు, ఉక్కు తర్వాత, అందం ఆఖర్న

ఎక్కువమంది తెచ్చుకునేది కత్తే, ఎక్కువమంది పొరపాటు పడేదీ దీని దగ్గరే.

ఆకారాలు పదుల్లో ఉన్నా మన వంటకు చూడాల్సినవి మూడు. సాంతోకు అన్నిటికీ వాడే ఇంటి కత్తి, 16, 17 సెంటీమీటర్ల పొడవు. నకిరి అంటే కూరగాయల కత్తి, చిన్న గొడ్డలి రేకులా చదరంగా ఉంటుంది. క్యాబేజీ, తోటకూర, ఉల్లిపాయలు రోజూ తరిగే ఇంట్లో దీన్ని మించింది లేదు. పెట్టీ అంటే పండ్లకూ పచ్చిమిరపకాయలకూ పనికొచ్చే చిన్న చాకు. పొడుగ్గా ఖడ్గంలా మెరిసే యనగిబా చూసి మనసు పారేసుకోకండి, అది పచ్చిచేప ముక్కలు కోసేది. ఇలాంటి వృత్తి కత్తులకు ఒకవైపే పదును ఉంటుంది, కుడిచేతివాళ్లది ఎడమచేతివాళ్లకు పనికిరాదు. ఎడమచేతి వాటమైతే హిదారి-కికి అని చెప్పండి. సాంతోకు, నకిరి మామూలుగా రెండువైపులా పదునున్నవే కాబట్టి ఇబ్బంది తక్కువ.

తర్వాత ఉక్కు. కొట్లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "కొరె వా సబిమాస్ కా?" ఇది తుప్పు పడుతుందా అని. షిరొగామి, అయొగామి అనే పేర్లు వింటే పడుతుందనే అర్థం. తెల్ల కాగితం, నీలి కాగితం అని ఆ మాటలకు అర్థం, ఉక్కు కడ్డీలకు చుట్టే కాగితం రంగును బట్టి వచ్చిన పేర్లు. కార్బన్ ఉక్కు కాబట్టి పదును అద్భుతంగా వస్తుంది, సానరాయి మీద చక్కగా దిగుతుంది. కానీ నిమ్మకాయ కోసి, ఫోన్ మోగితే పక్కన పెట్టి వెళ్లారనుకోండి, వచ్చేసరికి మరక. టమాటా, మామిడికాయ, చింతకాయ లేని రోజు మన వంటింట్లో ఏది? వాడిన వెంటనే కడిగి, తుడిచి, ఆరబెట్టే ఓపిక ఇంట్లో అందరికీ ఉంటేనే అది కొనండి. లేకపోతే స్టెయిన్‌లెస్. ఫుకుయిలోని తకెఫులో తయారయ్యే వీజీ-10 అనే ఉక్కు ఇంటి వాడకానికి బాగా సరిపోతుంది. మధ్యే మార్గం కూడా ఉంది: లోపల కార్బన్ ఉక్కు, పైన రెండువైపులా స్టెయిన్‌లెస్ తొడుగు. అంచు ఒక్కటి చూసుకుంటే చాలు. నేను వాడేది అదే.

నీళ్ల అలల్లాంటి గీతలతో మెరిసే డమాస్కస్ కత్తికి వేల యెన్లు ఎక్కువ పెడతారు. ఆ గీతలు పైతొడుగులోవి. కోసేది లోపలి ఉక్కు. అందం కోసం కొంటే తప్పులేదు, బాగా తెగుతుందని మాత్రం కొనకండి.

కప్పాబషిలో ఒక కొట్లో నేను కత్తి అడిగితే అమ్మాయి ముందు నా కుడిచెయ్యి చాపమంది. రెండు నకిరిలు తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి పట్టించింది. ఒకటి ముందుకు బరువు, ఒకటి పిడివైపు. పిడులు రెండూ తేలికైన చెక్కవే, ఒకటి గుండ్రం, ఒకటి ఎనిమిది పలకలు. కొనేది ఖాయమయ్యాక పేరు చెక్కమంటారా అంది. నయిరె అంటారు దాన్ని. చాలా కొట్లు ఉచితంగానో కొద్ది డబ్బుకో చేస్తాయి. మా అత్తయ్య పేరు లలిత. జపనీస్‌లో ల, ర తేడా లేదు కాబట్టి కత్తి మీద ఆవిడ "రరిత" అయ్యారు. సన్న ఉలి, చిన్న సుత్తి, టిక్కు టిక్కుమని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడకు ఆ పేరే ఎక్కువ నచ్చింది.

కత్తితో పాటు 1000 నంబరు సానరాయి తప్పకుండా కొనండి, బరువైనా సరే. కొట్టాయన్నే పట్టి చూపించమనండి, వీడియో తీసుకోండి. వీధిలో సైకిల్ మీద వచ్చే సానవాడికి ఈ కత్తి ఇవ్వకూడదు. పొడి చక్రం వేడికి అంచు గట్టిదనం పోతుంది. ఎముకలు, గడ్డకట్టిన మాంసం, కొబ్బరిచిప్ప, ఆవకాయకు టెంకతో సహా కొట్టే మామిడికాయ, ఇవన్నీ దీనికి నిషేధం. గట్టి ఉక్కు వంగదు, పెచ్చు లేస్తుంది. మొదటి ఎండాకాలంలోనే మా ఇంట్లో ఆ ముచ్చట జరిగింది, ఇంకెవరి ఇంట్లోనూ జరగకూడదు.

ధర సంగతికొస్తే, ఇంట్లోకి మంచి సాంతోకు పదివేల యెన్ల చుట్టుపక్కల దొరుకుతుంది. యెన్ ధరను సగం చేసి ఆపైన కాస్త కలిపితే రూపాయలు. ఇరవై వేల యెన్లు దాటాక మీరు పెట్టే డబ్బు పేరుకూ పనితనానికీ, తెగడంలో పెద్ద తేడా ఉండదు.

5. ఇనప కెటిల్: మూత తీసి లోపల చూడండి

ఇవాతె రాష్ట్రంలోని మొరియొక, మిజుసావ ప్రాంతాల పోత ఇనుమును నాంబు తెక్కి అంటారు. నాంబు అనేది ఒకప్పుడు మొరియొకను ఏలిన వంశం పేరు. 1975లో ప్రభుత్వం మొట్టమొదట గుర్తించిన చేతిపనుల్లో ఇదొకటి.

అందులో రెండు రకాలు, పైకి కవలపిల్లలే. తెత్సుబిన్ నీళ్లు కాచేది. మూత తీస్తే లోపల గరుకుగా, బూడిద నలుపులో ఇనుము కనిపిస్తుంది. క్యూసు టీ పోసుకునేది. లోపల నున్నగా, మెరుస్తూ ఎనామిల్ పూత, సాధారణంగా జల్లెడ గిన్నె కూడా ఉంటుంది. నున్నగా మెరిస్తే పొయ్యికి దూరం. అనుమానం ఉంటే "జికాబి?" అనండి, నేరుగా మంట మీద పెట్టొచ్చా అని. ఇండక్షన్ వాళ్లు "ఐ-హెచ్?" అని అడిగి అడుగు బల్లపరుపుగా ఉందో లేదో చూసుకోవాలి. రంగురంగుల ఇనప టీపాట్లు దాదాపు అన్నీ రెండో రకమే. నా మనీప్లాంట్‌ది ఆకుపచ్చ.

తెత్సుబిన్ కొన్నవాళ్లు లోపల చెయ్యి పెట్టకండి, సబ్బు వేయకండి, పీచుతో తోమకండి. పోత పోశాక నిప్పుల్లో కాల్చి తెప్పించిన ఆక్సైడ్ పొరే లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. నీళ్లు కాగాక మొత్తం వంచేసి, మూత తీసి, ఆ వేడికే ఆరనివ్వాలి. లోపల ఎర్రటి మచ్చలొచ్చినా నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. నీళ్లే ఎర్రగా వస్తుంటే గ్రీన్ టీ ఆకు గుడ్డలో కట్టి మరిగించండి, టీలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి పొర కడుతుంది. ఇంకో మాట, అల్లం టీ అందులో మరిగించొద్దు. పాలూ పంచదారా దానికి పడవు. అందులో నీళ్లే.

6. మట్టి, పింగాణీ

గిన్నెను గోటితో కొట్టి చూడండి. ఖంగుమంటే పింగాణీ, మొద్దుగా పలికితే మట్టి. అరితా, హసామి, కుతాని పింగాణీలు. హసామి, అరితా ఇరుగుపొరుగు ఊళ్లే, రెండింటి సరుకూ ఒకప్పుడు ఇమారి రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి అన్నిటికీ ఇమారి పేరే పడింది. బిజెన్, షిగరాకి, మషికో మట్టి. గిఫులోని మినో ప్రాంతం జపాన్ గిన్నెల్లో దాదాపు సగం చేస్తుంది, వంద యెన్ల కొట్లో దొరికే చిన్న ప్లేటు కూడా తిరగేసి చూస్తే అక్కడిదే కావచ్చు.

మనకు సలహా సూటిగా: పప్పూ పులుసూ వడ్డించుకోవాలంటే పింగాణీ కొనండి. గరుకు మట్టి గిన్నెలకు సన్నటి రంధ్రాలుంటాయి, పసుపూ కారం నూనే పీల్చుకుంటాయి. బిజెన్‌కైతే పైన పూతే ఉండదు. ఊరగాయ వేస్తే ఆ మరక మీ తర్వాతి తరానికి కూడా ఉంటుంది. మట్టివి పండ్లకూ, పొడి పిండివంటలకూ వాడుకోండి, వాడే ముందు కాసేపు నీళ్లలో నాననివ్వండి.

సెట్లు ఐదేసి ఉంటాయి, ఆరు కాదు. నాలుగు అనే మాట చావు అనే మాటలా పలుకుతుందని వాళ్లకు ఆ అంకె పడదు. ఇంట్లో ఆరుగురుంటే విడిగా అమ్మే చోట కొనుక్కోవాలి. కొట్టు ముందు బుట్టల్లో వాకెఆరి అని రాసి ఉన్నవి చూడండి. చిన్న లోపమేదో ఉండి ధర తగ్గించినవి. పూత మీద సూదిమొన చుక్క ఉంటే ఏం పోయింది? కానీ పగులు లేదని వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ ఒకసారి కొట్టి వినండి.

అన్నం వండుకునే మట్టికుండకు దొనాబె అని పేరు. మియెలోని ఇగా మట్టి దీనికి ప్రసిద్ధి. ఒకప్పటి బివా సరస్సు అడుగు మట్టి అది. అందులో కలిసిపోయిన పాత చెట్టుచేమ కాల్చేటప్పుడు మాడిపోయి సన్న రంధ్రాలు మిగులుస్తుంది, అందుకే వేడి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. అక్కడ 1832 నుంచి ఉన్న నగాతానియెన్ వాళ్ల రెండు మూతల కమాదొ-సాన్ చాలామంది కొనేది. బియ్యం నానబెట్టి, పది పన్నెండు నిమిషాలు వండి, ఆపేసి ఇరవై నిమిషాలు వదిలేయడమే. సోనామసూరికి నీళ్లు వాళ్లు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువ పడతాయి. చిక్కల్లా బరువే, మూడు గో సైజుది నాలుగు కిలోల దాకా తూగుతుంది. గో అంటే 180 మిల్లీలీటర్లు.

7. లక్క గిన్నెల దగ్గర చీటీ చదవండి

ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది. జపాన్ ఉరుషి చెట్టు పాలు. గాట్లు పెట్టి, బొట్టుబొట్టుగా సేకరించి, పొరమీద పొర వేసి ఆరబెడతారు. పైకి చూసి అసలుదో ప్లాస్టిక్‌దో చెప్పడం కష్టం, నేనూ రెండుసార్లు మోసపోయాను. కానీ జపాన్ చట్టం ప్రకారం పెట్టెలో చీటీ ఉంటుంది. అందులో రెండు వరసలు చూడాలి: పైపూత ఏది, లోపలి వస్తువు ఏది. ఫోన్ కెమెరాతో అనువదించుకోండి. ఉరుషి, సహజమైన చెక్క అని వస్తే అసలుది. యురెతాన్ అనో, కృత్రిమ రెజిన్ అనో వస్తే రోజువారీ వాడకం సరుకు, ఆ ధరకే కొనండి. చెక్కపొడి కలిపి అచ్చుపోసిన రకమూ ఉంటుంది, దాన్ని చెక్క అనే పిలుస్తుంటారు.

ఎత్తి చూస్తే అసలు చెక్కది ఆశ్చర్యపోయేంత తేలిక. వేడి పులుసు పోసినా చెయ్యి కాలదు. మైక్రోవేవ్, డిష్‌వాషర్, గంటలకొద్దీ నానబెట్టడం మాత్రం దీనికి పనికిరావు.

వీటిలో అన్నిటికన్నా గట్టిది నోతో ద్వీపకల్పంలోని వాజిమ పని. అంచులకు గుడ్డ అంటించి, కాల్చిన మట్టిపొడి కలిపిన లక్కతో పునాది వేస్తారు, వందకు పైగా దశలు. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో, ఆ తర్వాత మంటల్లో ఆ ఊరు చాలా నష్టపోయింది. ఎంతోమంది తాత్కాలిక షెడ్లలో పని మళ్లీ మొదలుపెట్టారు. ఒక్క మంచి లక్క గిన్నె కొనే ఉద్దేశం ఉంటే అక్కడిది కొనమంటాను.

8. సూట్‌కేస్ మూలల్లో పట్టేవి

బంధువులకు ఇవ్వడానికి ఇవే మేలు. తెనుగుయి అంటే అచ్చుబొమ్మల నూలు తుండుగుడ్డ, అంచులు కుట్టరు. దారాలు ఊడుతున్నాయని కంగారుపడి కుట్టించకండి, త్వరగా ఆరాలనే అలా వదిలేస్తారు, నాలుగు ఉతుకుల తర్వాత ఆగిపోతుంది. చాప్‌స్టిక్స్ కొంటే చేతికి సరిపడే పొడవు చూసుకోండి: బొటనవేలు, చూపుడువేలు ఎల్ ఆకారంలో చాపి ఆ రెండు కొనల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు. లక్క వేసిన చాప్‌స్టిక్స్‌లో ఎక్కువ భాగం ఫుకుయిలోని ఒబామా ఊరివే. పళ్లు ఒక్కొక్కటిగా ఉలితో లేపిన రాగి తురుముడు పలక అల్లానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పీచు మిగలదు. లోపల గీతలున్న సురిబాచి గిన్నె నువ్వుల పొడికి సరే, మన రోలు పని దానికి చెప్పకండి.

1907 నుంచి అమ్ముతున్న కమెనోకో తవాషి అనే పీచు బ్రష్ ఉంది. తాబేలు బొమ్మ కాగితంలో చుట్టి ఎంత అందంగా పెడతారంటే, ఇంటికొచ్చి విప్పాక గానీ ఇది మన కొబ్బరిపీచుకు తోబుట్టువేనని తట్టదు. అయినా నా దగ్గర రెండున్నాయి.

9. డబ్బు, పన్ను, మర్యాద

కొట్లలో బేరం లేదు. అడిగితే వాళ్లు ఇబ్బందిపడతారు. గుడి సంతల్లో మాత్రం రెండు మూడు వస్తువులు కలిపి నవ్వుతూ అడగొచ్చు. ముట్టుకునే ముందు "సావత్తె మొ ఈ దెస్ కా?" అనండి, ముట్టుకోవచ్చా అని. భుజం సంచి ముందుకు తిప్పుకోండి, ఇరుకు సందుల్లో వెనక అరలన్నీ పింగాణీ. డబ్బు చేతికి కాదు, కౌంటర్ మీద ఉండే చిన్న పళ్లెంలో పెట్టాలి. చిన్న కొట్లకు, సంతలకు నోట్లు ఉంచుకోండి. చీటీ మీద రెండు ధరలుంటే తక్కువది పన్ను కలపనిది.

పన్ను 10 శాతం. టూరిస్టుకు ఒకే కొట్లో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్లు, ఆపైన కొంటే మినహాయింపు ఉంది, కొట్టు ఆ పథకంలో చేరి ఉంటే. "మెన్‌జెయ్?" అని అడగండి. పాస్‌పోర్టు అసలుదే చూపాలి, జిరాక్సు చెల్లదు. టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉండి ఉద్యోగం చేస్తున్న మీ బావమరిదికి ఇది వర్తించదు, కాబట్టి "నువ్వు కొని ఉంచు బావా" అంటే లాభం లేదు.

2026 అక్టోబరు 31 దాకా పన్ను కొట్లోనే తగ్గిస్తారు. నవంబరు 1 నుంచి పద్ధతి వేరు: పన్నుతో కలిపి కట్టి, దేశం దాటేటప్పుడు కస్టమ్స్ దగ్గర నిర్ధారణ అయ్యాక డబ్బు వెనక్కి వస్తుంది. ఇక్కడే కత్తి కొన్నవాళ్లకు ఓ మెలిక. కత్తి చెక్-ఇన్ సామానులో వెళ్లాలి, కస్టమ్స్ వాళ్లు వస్తువు చూపించమనవచ్చు. కాబట్టి పెద్ద సూట్‌కేస్ అప్పగించకముందే ఆ పని చూసుకోండి, విమానాశ్రయానికి గంట ముందుగా వెళ్లండి. పన్ను లేకుండా కొన్నవాటిని తర్వాత పోస్టాఫీసు నుంచి పార్సిల్ చేసే వెసులుబాటు 2025 ఏప్రిల్ నుంచి తీసేశారు. బరువనుకుంటే కొట్టువాళ్లనే నేరుగా మీ ఇంటికి పంపుతారేమో అడగండి.

10. కట్టడం, మోయడం

కత్తిని పెట్టెలోంచి తీయకండి. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట పెట్టుకు తిరగడం నేరం. కొట్లో కట్టిచ్చింది కట్టిచ్చినట్టే హోటల్‌కు, అక్కడి నుంచి సూట్‌కేస్ అడుగుకు. చేతి సంచిలో మర్చిపోతే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావడమే.

పింగాణీ చేతిసంచిలో, ఇనుము, రాయి చెక్-ఇన్‌లో. గిన్నెలు ఒకదానిలో ఒకటి పడుకోబెట్టకుండా, మధ్యలో గుడ్డ పెట్టి అంచుల మీద నిలబెట్టి సర్దండి. గిన్నె లోపల కూడా సాక్సులు కుక్కండి. బుడగల కవరు వంద యెన్ల కొట్లో దొరుకుతుంది. దొనాబె మూత విడిగా చుట్టాలి, నాది మూత మీదే పగిలింది. ఊళ్లు తిరుగుతూ కొనేవాళ్లు తక్యూబిన్ సర్వీసులో పెట్టెను చివరి హోటల్‌కు ముందే పంపేయొచ్చు, "వారెమొనో" అంటే పగిలేవి అని స్టిక్కర్ వేస్తారు.

11. ఇంటికొచ్చిన మొదటి రోజు

కత్తి మీద నూనె ఉంటే వేడినీళ్లతో కడిగి తుడవండి. కెటిల్‌లో రెండు మూడు సార్లు నీళ్లు కాచి పారబోయండి. కుండకు మాత్రం ఒక తంతు ఉంది. నీళ్లు కుండలో ఎనభై శాతం దాకా పోసి, ఆ నీళ్లలో అయిదోవంతు వండిన అన్నం వేసి, సన్నటి సెగ మీద గంజి అయ్యేదాకా ఉడికించాలి. అన్నంలోని పిండి పదార్థం కుండ రంధ్రాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది. కుండ అడుగు బయట తడిగా ఉంటే పొయ్యి మీద పెట్టకండి, పగులుతుంది. దించి గంటసేపు కదపకుండా చల్లారనిచ్చి, గంజి తీసేసి, కడిగి, బోర్లించి పూర్తిగా ఎండనివ్వాలి. వర్షాకాలమైతే రెండు రోజులు పడుతుంది. ఆ గంజి పారబోయొద్దు, ఉప్పేసుకుని తాగేయండి.